వానకు పైకప్పు కనిపెట్టిన బెలూను

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి రోడ్డు నలభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఆ రోడ్డును లేపి ఆకాశంలోకి నిలువుగా నిలబెట్టామనుకోండి. మన వానలు, ఉరుములు, వడగళ్లు, ఉక్కపోత, ఎగిరే కొంగలు, గద్దలు అన్నీ సగం దారిలోపే అయిపోతాయి. పదిహేడో కిలోమీటరు దగ్గర కంటికి కనబడని కప్పు ఒకటి అడ్డం ఉంటుంది. 2025 ఆగస్టు చివర్లో జిల్లాను ముంచిన వాన, రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లు దాటిన వాన, మొత్తం ఆ కప్పు కింద తయారైనదే.

ఆ కప్పు ఉందని కనిపెట్టింది బెలూనూ, దాని కింద దారానికి వేలాడే ఓ చిన్న పెట్టే.

మొదట మనుషులే ఎక్కి చూశారు. 1862 సెప్టెంబర్ 5న ఇంగ్లండులోని వుల్వర్‌హాంప్టన్ నుంచి జేమ్స్ గ్లేషర్, హెన్రీ కాక్స్‌వెల్ బెలూనులో దాదాపు 9 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లారు. గ్లేషర్‌కు స్పృహ తప్పింది. కాక్స్‌వెల్ చేతులు చలికి మొద్దుబారిపోతే వాల్వు తాడును పళ్లతో పట్టి లాగి కిందికి దింపాడు. పైకి పోయేకొద్దీ చలి పెరుగుతుందని అప్పటికే తెలుసు. అది అలా అంతూ పొంతూ లేకుండా పెరుగుతూనే పోతుందని అందరూ అనుకున్నారు.

ఫ్రాన్సులో లియోన్ టెసరాంక్ ద బోర్ మనుషులను కింద ఉంచి పరికరాన్నే పంపాడు. పారిస్ దగ్గర ట్రాప్ అనే ఊళ్లో 1896లో సొంత డబ్బుతో వేధశాల కట్టుకున్నాడు. వేడినీ పీడనాన్నీ మసిపూసిన డ్రమ్ము మీద ముల్లు గీసే పెట్టెను బెలూనుకు కట్టి వదిలేవాడు. అది ఎక్కడో చేనులో పడాలి, ఎవరికో దొరకాలి, వాళ్లు తిరిగి పంపాలి. దొరికిన పెట్టెలన్నీ ఒకే వింత చెప్పాయి. 11 కిలోమీటర్ల ఎత్తు దాటాక చలి పెరగడం ఆగిపోతోంది. అతను వెంటనే నమ్మలేదు. ఎండకు పరికరం వేడెక్కి తప్పు చూపిస్తోందేమో అని రాత్రిళ్లు కూడా బెలూన్లు ఎగరేశాడు. మొత్తం 236 బెలూన్ల లెక్క చేతికొచ్చాకే 1902 ఏప్రిల్ 28న ఫ్రెంచ్ సైన్స్ అకాడమీకి తెలిపాడు. ఆ ఓపికే నాకు ఈ కథలో అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. మూడు రోజుల తర్వాత జర్మనీలో రిచర్డ్ ఆస్మాన్ కూడా అదే ఫలితం ప్రకటించాడు. కింది పొరకు ట్రోపో ఆవరణం, పై పొరకు స్ట్రాటో ఆవరణం అన్న పేర్లు టెసరాంక్ ద బోర్ పెట్టినవే.

ఆస్మాన్ బెలూను సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కాగితం బెలూను ఒక ఎత్తుకు చేరాక అక్కడే తేలుతూ నిలబడిపోతుంది. గాలి తగలక లోపలి ఉష్ణమాపకం ఎండకు కాగుతుంది. ఆస్మాన్ మూతికట్టిన రబ్బరు బెలూను వాడాడు. పైన పీడనం తగ్గేకొద్దీ అది ఉబ్బుతూ, ఎక్కడా ఆగకుండా ఎక్కుతూ, చివరికి పగిలిపోతుంది. ఎక్కినంతసేపూ పరికరానికి గాలి తగులుతూనే ఉంటుంది. ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నది ఈ పద్ధతినే.

పెట్టె దొరికేదాకా ఆగే బాధను రేడియో తీర్చింది. 1929 జనవరి 7న ట్రాప్‌లోనే రాబర్ట్ బ్యూరో, 1930 జనవరి 30న లెనిన్‌గ్రాడ్ దగ్గరి పావ్లోవ్‌స్క్‌లో పావెల్ మొల్చానోవ్, ఎగురుతూనే కబురు పంపే పెట్టెలను వదిలారు. అదే రేడియోసాండ్. రేపటి వాన గురించి ఈ రోజే చెప్పడానికి పై గాలి లెక్కలు అప్పుడు అక్కరకొచ్చాయి.

మన దేశంలో ఆగ్రా నుంచి వదిలిన బెలూన్ల లెక్కలను కేరళకు చెందిన కె.ఆర్. రామనాథన్ మిగతా దేశాల లెక్కలతో కలిపి చూశాడు. ట్రోపో ఆవరణంలో అతి చల్లని గాలి ధ్రువాల మీద కాదు, భూమధ్యరేఖ మీద సుమారు 17 కిలోమీటర్ల ఎత్తున ఉందని 1929లో చూపించాడు. మన నేల బాగా కాగుతుంది, వేడిగాలి బలంగా లేస్తుంది, ఫ్రాన్సులో 11 కిలోమీటర్ల దగ్గరే ఉన్న కప్పును ఇక్కడ ఇంకా పైకి నెడుతుంది. గాలి లేచేకొద్దీ వ్యాకోచించి చల్లబడుతుంది కాబట్టి, ఎంత ఎత్తు కప్పయితే దాని దగ్గర అంత చలి. మే నెలలో ఎల్లారెడ్డిలో 43 డిగ్రీల ఎండ కాస్తున్నప్పుడు నెత్తిన 17 కిలోమీటర్ల పైన మైనస్ 80 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది.

మరి వాన ఆ కప్పు దాటి ఎందుకు పోదు? సూర్యుడి వెలుగు గాలిని పెద్దగా వేడిచేయకుండా దాటి వచ్చి నేలను కాలుస్తుంది. నేల గాలిని కింది నుంచి కాగబెడుతుంది. కింద వేడి, పైన చలి ఉన్నంతవరకు గాలి పైకీ కిందికీ తిరగబడుతూనే ఉంటుంది. స్ట్రాటో ఆవరణంలో వరుస తారుమారవుతుంది. అక్కడి ఓజోన్ అతినీలలోహిత కిరణాలను పీల్చి వేడెక్కుతుంది కాబట్టి పైకి పోయేకొద్దీ గాలి వెచ్చబడుతుంది. వెచ్చని గాలి మీదా చల్లని గాలి కిందా ఉంటే కదలిక ఆగిపోతుంది. ఉరుముల మబ్బు తల పైన బల్లపరుపుగా పరుచుకునేది ఇందుకే. పైగా ఆ చలిలో ఆవిరి మంచై రాలిపోతుంది. వాతావరణంలోని నీటి ఆవిరిలో 99 శాతం దాకా కింది పొరలోనే మిగిలిపోతుంది. గాలి బరువులో నాలుగింట మూడు వంతులకు పైగా ఉన్నదీ అక్కడే. నీళ్లు, ఊపిరి, వెచ్చదనం మూడూ కలిసిన చోటే బతుకు సాగుతుంది.

పైన జీవమే లేదా అన్న ప్రశ్నకు హైదరాబాదు నుంచి కూడా జవాబు వెతికారు. టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూను కేంద్రం ఈసీఐఎల్ దగ్గర ఉంది. అక్కడి పాలిథీన్ బెలూన్లు రేడియోసాండ్లలాంటివి కావు, మైదానమంత పెద్దవి. 2005 ఏప్రిల్ 20న ఇస్రో అలాంటి బెలూనుతో శుద్ధిచేసిన ఉక్కు గొట్టాలను పంపి 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య గాలిని పట్టి తెప్పించింది. హైదరాబాదులోని పరిశోధన సంస్థ సీసీఎంబీతో పాటు పుణె శాస్త్రవేత్తలు వాటిలో 12 బ్యాక్టీరియా, 6 శిలీంధ్రాల కాలనీలను పెంచగలిగారు. బ్యాక్టీరియాలో మూడు అంతకుముందు ఎరగని జాతులు. ఒకదానికి ఆర్యభట పేరు, ఒకదానికి ఇస్రో పేరు పెట్టారు. అవి అక్కడ బతికి ఉన్నాయి, నిజమే. కానీ పెరిగింది కింద ప్రయోగశాలలో, తడీ తిండీ దొరికాకే.

ఈ పెద్ద బెలూన్ల పరికరాలు పారాచూట్లతో చుట్టుపక్కల జిల్లాల చేలల్లో దిగుతాయి. దొరికితే ముట్టుకోకుండా పెట్టె మీది చిరునామాకు కబురు చేయాలి. తెచ్చి ఇంట్లో పెట్టుకున్నా, విప్పి చూసినా అందులోని లెక్కలు పాడైపోవచ్చు.

రేడియోసాండ్ మాత్రం రోజువారీ కూలి. బేగంపేట నుంచి ఉదయం, సాయంత్రం అయిదున్నర సమయం లెక్కకు ఒక్కోటి లేస్తుంది. నిమిషానికి 300 మీటర్ల చొప్పున ఎక్కి, 30 కిలోమీటర్ల ప్రాంతంలో పగిలిపోతుంది. వానాకాలంలో మన మీది గాలిలోని ఆవిరంతా ఒక్కసారిగా నీరై పడినా ఆరేడు సెంటీమీటర్లకు మించదని దాని లెక్కలే చెబుతాయి. అర్గొండలో 40 దాటిందంటే, ఆ ఊరి మీద ఉన్న గాలి ఒక్కటే కురవలేదు. బంగాళాఖాతం అల్పపీడనం లాక్కొచ్చిన తడిగాలి గంటల తరబడి అక్కడికే వచ్చి పిండుకుంది. ఆ ఆవిరిలో సగానికి సగం నేల నుంచి రెండు కిలోమీటర్ల లోపే ఉంటుంది. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింద మట్టిని కోసుకుపోయిందీ, ఎల్లారెడ్డి వైపు నూరేళ్ల పోచారం కట్ట మీదుగా పొర్లిందీ ఆ నీరే.

ఉదయం బెలూనుకూ సాయంత్రం బెలూనుకూ మధ్య పన్నెండు గంటలు. ఉపగ్రహాలు, రాడార్లు ఆ ఖాళీని కొంత పూడుస్తాయి. కానీ నేలకు దగ్గరి తడిని అడుగడుక్కీ తాకి కొలిచేది బెలూనే. భారీ వాన హెచ్చరిక ఉన్న రోజుల్లోనైనా మధ్యాహ్నం మరో బెలూను, అదీ కామారెడ్డి వైపు నుంచే ఎగరాలి. పోచారం, కళ్యాణి, నిజాంసాగర్ ప్రాజెక్టుల దగ్గర ఉండేవాళ్లకు ఆ లెక్క సాయంత్రానికి ముందే అందాలి.