స్కాచ్ సింగిల్ మాల్ట్ రుచి పరిశీలన: వర్ణన పదజాలం, మూల్యాంకన పద్ధతులు

వ్యాససంగ్రహం:
స్కాచ్ సింగిల్ మాల్ట్ విస్కీలను రుచి చూసి, వాటి గుణాలను వర్ణించి, 100 మార్కులకు విలువ కట్టే సంప్రదాయం 1980ల చివరినుంచి బలపడింది. వ్యక్తిగతమైన ఇంద్రియానుభవం ఇతరులకు ఉపకరించే తీర్పుగా ఎలా మారుతుందన్నది ఈ సంప్రదాయంలోని ప్రధానమైన ప్రశ్న. పరిశీలన క్రమాన్ని, పదజాల నిర్మాణాన్ని, మార్కుల విధానాన్ని వివరించి, మార్కు కంటే దాని వెనుక ఉన్న పద్ధతి, పదజాలమే ఆ తీర్పుకు ప్రామాణికత ఇస్తాయని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: స్కాచ్ విస్కీ, సింగిల్ మాల్ట్, ఇంద్రియ మూల్యాంకనం, వాసన పదజాలం, షడ్రుచులు.

1. ఉపోద్ఘాతం:
ఒకే విస్కీని ఇద్దరు నిపుణులు రుచి చూసినప్పుడు ఒకరు 92 మార్కులు, మరొకరు 78 మార్కులు ఇవ్వడం అరుదైన విషయమేమీ కాదు. అటువంటప్పుడు ఆ అంకెలకు అర్థమేమిటి? రుచి ఎవరికి వారిదే అనుకుంటే విమర్శకు చోటుండదు. అందరికీ ఒకటే అనుకుంటే ఈ తేడాకు సమాధానం దొరకదు. ఈ రెండింటి నడుమ స్కాట్లాండ్ విస్కీ రంగం ఒక మధ్యేమార్గాన్ని రూపొందించుకుంది. దానిని గ్రహించాలంటే ముందుగా సింగిల్ మాల్ట్ స్వరూపాన్ని తెలుసుకోవాలి.

2. సింగిల్ మాల్ట్ - నిర్వచనం:
2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనల ప్రకారం సింగిల్ మాల్ట్‌ను ఒకే డిస్టిలరీలో, నీరు, మొలకెత్తించిన బార్లీ, ఈస్ట్ మాత్రమే వాడి, పాట్ స్టిల్ అనే బట్టీలలో విడతలవారీగా వాయించాలి. ఆ బట్టీలను రాగితో చేస్తారు. ఆ సారాన్ని 700 లీటర్లకు మించని ఓక్ పీపాలలో, స్కాట్లాండ్‌లోనే కనీసం 3 ఏళ్లు నిల్వ ఉంచాలి. సీసాలో ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు. నీరు, సాదా కారమెల్ రంగు తప్ప మరేమీ కలపరాదు.

అంటే గ్లాసులో కనిపించే అరటి, కొబ్బరి, వెనిలా వాసనలు బయటినుంచి చేర్చినవి కావు. పులియబెట్టేటప్పుడు పుట్టే ఎస్టర్లు పండ్ల వాసననిస్తాయి. ఓక్ కర్రలోని లాక్టోన్లు కొబ్బరిని, వెనిలిన్ వెనిలాను స్ఫురింపజేస్తాయి. బార్లీని ఆరబెట్టేటప్పుడు పీట్, అనగా చిత్తడి నేలల్లో పేరుకుపోయి పూర్తిగా కుళ్లని వృక్షపదార్థం, కాలిస్తే వచ్చే ఫీనాళ్లు పొగ వాసనకు, మందుల వాసనకు కారణమవుతాయి. కనుక వర్ణనలోని ఉపమానాలకు చాలావరకు రసాయనిక ఆధారం ఉంది.

3. పరిశీలన క్రమం:
నిపుణుల పరిశీలనలో నాలుకకన్నా ముక్కుకే ప్రాధాన్యం ఎక్కువ. విస్కీలను మేళవించే బ్లెండర్లు తమ పనిలో అధిక భాగాన్ని వాసన చూడడంతోనే ముగిస్తారు. వాసన గుమిగూడేలా పైభాగం సన్నగిల్లిన గ్లాసును ఎన్నుకుంటారు. మొదట నీరు కలపకుండా, తరువాత నీరు చేర్చి వాసన చూస్తారు. ఆపైన కొద్దిగా నోట్లోకి తీసుకొని రుచిని, నోటికి తగిలే చిక్కదనాన్ని, చివరగా మిగిలే అనురుచిని నమోదు చేస్తారు.

నీరు చేర్చడం కేవలం ఘాటు తగ్గించడానికి కాదు. స్వీడన్‌లోని లిన్నెయస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ 2017లో ప్రచురించిన కంప్యూటర్ అనుకరణ అధ్యయనం ఇందుకు ఒక వివరణనిచ్చింది. పొగ వాసననిచ్చే గ్వాయకాల్ అణువులు ఆల్కహాల్ 45 శాతం, అంతకు తక్కువ ఉన్నప్పుడు ద్రవం ఉపరితలానికి చేరువగా ఉంటాయి. 59 శాతం దాటితే ఆల్కహాల్ అణువులు వాటిని చుట్టుముట్టి లోపలే ఉంచుతాయి. పలుచన చేయడంవల్ల వాసన ముక్కుకు అందే అవకాశం పెరుగుతుందని దీనినిబట్టి భావించవచ్చు.

4. రంగు కలిగించే భ్రమ:
రంగు చూడగానే మనసు ఒక నిర్ణయానికి వస్తుంది. దీనికి ద్రాక్షసారాయి రంగంలోని ఒక ప్రయోగం ప్రసిద్ధ నిదర్శనం. మోరో, బ్రోషే, దుబుర్దియు ఫ్రాన్స్‌లోని బోర్దో విశ్వవిద్యాలయంలో 54 మంది ద్రాక్షసారాయి శాస్త్ర విద్యార్థులకు వాసనలేని ఎర్రరంగు కలిపిన తెల్ల వైన్‌ను ఇచ్చారు. ఆ విద్యార్థులు దాని వాసనను ఎర్ర వైన్‌కు వాడే పదాలతోనే వర్ణించారు. ఈ ఫలితాలు 2001లో భాషను, మెదడును కలిపి అధ్యయనం చేసే పత్రికలో వెలువడటం గమనార్హం. వారు వాడిన పదాలను ముక్కుకంటే ముందుగా కన్ను ఎంపిక చేసింది.

స్కాచ్‌లో కారమెల్ రంగుకు అనుమతి ఉన్నందున ఈ ప్రమాదం మరింత ఎక్కువ. ముదురు రంగు దీర్ఘకాల నిల్వకు కచ్చితమైన గుర్తు కాదు. అందుకే ప్రయోగశాలల్లో రంగు కనిపించని నీలి గ్లాసులు వాడతారు. పేరు కలిగించే భ్రమ కూడా ఇటువంటిదే. 1983లో ఎడిన్‌బరోలో ఏర్పడిన స్కాచ్ మాల్ట్ విస్కీ సొసైటీ తన సీసాలపై డిస్టిలరీ పేరుకు బదులు సంఖ్యలు ముద్రిస్తుంది. మొదటి సంఖ్య డిస్టిలరీని, రెండవది పీపాను సూచిస్తాయి.

5. పదజాల నిర్మాణం:
1979లో పెంట్‌లాండ్స్ స్కాచ్ విస్కీ రీసెర్చ్ సంస్థకు చెందిన జిమ్ స్వాన్, షీలా బర్టిల్స్ తదితరులు ఒక రుచిచక్రాన్ని రూపొందించారు. విస్కీలో ఎదురయ్యే వాసనలను, రుచులను వర్గాలుగా, ఉపవర్గాలుగా విభజించి వలయాకారంలో అమర్చడం దీని విశేషం. పరిశ్రమలో పనిచేసేవారు ఒకే గుణాన్ని ఒకే మాటతో చెప్పుకోవడం దీని ప్రయోజనం. ‘బాగుంది’, ‘బాగులేదు’ వంటి ఇష్టాయిష్టాల మాటలకు ఇటువంటి చక్రంలో స్థానం లేదు. ఇంద్రియ పరిశోధనశాలల్లో ఒక్కొక్క పదానికి ఒక నమూనా వాసనను చూపి పరిశీలకులకు తర్ఫీదు ఇస్తారు. నిఘంటువులో పదానికి అర్థం ఉన్నట్లే ఇక్కడ పదానికి వాసన ఉంటుంది.

అయితే పదజాలం సంస్కృతితో ముడిపడినది. బ్రిటిష్ వర్ణనల్లో తరచుగా వచ్చే హెదర్ పూలు, క్రిస్మస్ కేకు తెలుగు పాఠకునికి స్ఫురణనివ్వకపోవచ్చు. ‘పొగచూరిన వాసన’, ‘కమురు వాసన’, ‘ముక్కిన వాసన’ వంటి మాటలు వెంటనే అర్థమవుతాయి. మరొక విశేషం వగరుకు సంబంధించినది. ఓక్ టానిన్లు నోటిని పట్టేసినట్లు చేయడాన్ని, ఆల్కహాల్ మండించడాన్ని ఆధునిక ఇంద్రియ శాస్త్రం రుచులుగా కాక స్పర్శకు దగ్గరి అనుభూతులుగా పరిగణిస్తుంది. షడ్రుచుల సంప్రదాయంలో వగరు, కారం రుచులే. వర్గీకరణ మారితే వర్ణన కూడా మారుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

6. మార్కుల విధానం:
ఆంగ్ల రచయిత మైకేల్ జాక్సన్ (1942-2007) తన ‘మాల్ట్ విస్కీ కంపానియన్’ (1989) ద్వారా 100 మార్కుల విధానాన్ని వ్యాప్తిలోకి తెచ్చాడు. రంగు, వాసన, చిక్కదనం, రుచి, అనురుచి అనే అంశాలను వర్ణించి చివర ఒక అంకె ఇవ్వడం అతని పద్ధతి. జిమ్ మరే తన ‘విస్కీ బైబిల్’లో వాసన, రుచి, అనురుచి, సమతౌల్యం అనే నాలుగింటికీ 25 చొప్పున మార్కులు కేటాయించాడు. మొదటి పద్ధతిలో అంకె సమగ్రానుభవం నుంచి వస్తుంది, రెండవదానిలో భాగాల మొత్తంగా ఏర్పడుతుంది. కనుక ఒకరి 85ను మరొకరి 85తో నేరుగా పోల్చడం సమంజసం కాదు.

అంకెకు వ్యాపార ప్రభావం కూడా ఉంది. ‘విస్కీ బైబిల్’ 2010 ప్రతి బెంగళూరులో తయారయ్యే అమృత్ ఫ్యూజన్‌ను ప్రపంచంలో మూడవ ఉత్తమ విస్కీగా పేర్కొన్నది. భారతీయ సింగిల్ మాల్ట్ విదేశాలలో గుర్తింపు పొందడంలో ఈ ప్రకటన ముఖ్య ఘట్టం. ఒక్క వ్యక్తి తీర్పుకు ఇంత బలం ఉన్నప్పుడు, అతడు ఏ పరిస్థితులలో, ఏ ప్రమాణాలతో రుచి చూశాడన్న వివరం పాఠకునికి అవసరమవుతుంది.

కొలతలు ఈ తీర్పుకు ప్రత్యామ్నాయం కాలేవు. ఐలా ద్వీపపు విస్కీల గురించి చెప్పే ఫీనాల్ పరిమాణం సాధారణంగా మొలకెత్తించిన బార్లీలో కొలిచినది. బట్టీలో, పీపాలో అది చాలా తగ్గుతుంది. ఎక్కువ అంకె ఉన్న విస్కీయే గ్లాసులో ఎక్కువ పొగ వాసన ఇస్తుందన్న నియమం లేదు.

7. ముగింపు:
సింగిల్ మాల్ట్ మూల్యాంకనంలో అంకె చివరి మెట్టు మాత్రమే. పేరు, రంగు తెలియకుండా పరిశీలించడం, నీటి పాళ్లను పేర్కొనడం, నమూనాలతో ముడిపడిన పదాలు వాడటం, అనుభూతిని ఇష్టాయిష్టాలనుంచి వేరుచేయడం అనే నాలుగింటివల్ల ఒకరి అనుభవాన్ని మరొకరు పరీక్షించగలుగుతారు. 92, 78 అనే అంకెలు మాత్రమే ఉంటే ఇద్దరు నిపుణుల మధ్య వివాదం తెగదు. ‘పొగ వాసన అధికం, అనురుచిలో వగరు’ అని ఇద్దరూ ఒకే విధంగా రాసి ఉంటే, తేడా గ్రహణశక్తిలో కాక అభిరుచిలో ఉందని తెలుస్తుంది. వగరు నచ్చే పాఠకుడు 78 ఇచ్చిన నిపుణుని వర్ణన చదివి ఆ విస్కీనే ఎన్నుకోవచ్చు. తెలుగులో వాసనల పదజాలాన్ని సేకరించి, ఒక్కొక్క పదానికి నమూనాను నిర్ణయించగలిగితే కాఫీ, తేనె, మామిడి వంటి వాటి పరిశీలనకు కూడా ఈ పద్ధతి ఉపకరిస్తుంది.