డెట్రాయిట్ ఎప్పుడు కూలింది? నల్లజాతి కార్మికుల లెక్క వేరు

అమెరికా కార్ల పరిశ్రమ ఎందుకు దెబ్బతిన్నదని అడిగితే మామూలుగా మూడు జవాబులు వస్తాయి. 1973లో చమురు ధరలు పెరిగాయి. జపాన్ చిన్న కార్లు మార్కెట్‌ను పట్టుకున్నాయి. యూనియన్లు జీతాలు పెంచి కంపెనీల నడ్డి విరిచాయి. మొదటి రెండింటిలో చాలావరకు నిజం ఉంది. మూడోది యాజమాన్యాలు ఎక్కడైనా చెప్పే మాటే. కానీ ఈ మూడు జవాబులూ కథను 1970లలోనే మొదలుపెడతాయి. డెట్రాయిట్ నల్లజాతి కార్మికుల వైపు నిలబడి చూస్తే అది అంతకు ఇరవై ఏళ్ల ముందే మొదలైంది. తెల్ల కార్మికుల ఇళ్లకు 1970లలో వచ్చిన నిరుద్యోగం నల్లజాతి వాడల్లో 1950లలోనే తిష్ఠ వేసింది.

ఒక పరిశ్రమ కూలినప్పుడు నష్టం అందరికీ ఒకేలా, ఒకే రోజున రాదు. ఎవరిని ఎప్పుడు, ఏ విభాగంలోకి రానిచ్చారన్నదాన్ని బట్టే ఎవరు ముందు రోడ్డున పడతారో తేలుతుంది. కుల సమాజంలో బతుకుతున్న మనకు ఇది కొత్త విషయం కాదు. అయితే అది ఎలా జరుగుతుందో డెట్రాయిట్‌లో చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

ఫౌండ్రీ దాకానే ప్రవేశం

1914 జనవరిలో హెన్రీ ఫోర్డ్ రోజుకు 5 డాలర్ల వేతనం ప్రకటించాడు. దక్షిణాది పత్తి చేలల్లో, కౌలు పేరుతో అప్పుల్లో కూరుకుపోయి బతుకుతున్న నల్లజాతి కుటుంబాలకు డెట్రాయిట్ పేరు ఒక ఆశ అయింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలం నుంచి వేల మంది ఉత్తరాదికి రైలెక్కారు. మిగతా కంపెనీల కంటే ఫోర్డ్ కంపెనీయే నల్లజాతి వాళ్లను ఎక్కువగా తీసుకుంది. పనిలో చేరాలంటే చర్చి పాస్టర్ సిఫారసు ఉత్తరం బాగా పనికొచ్చేది. యాజమాన్యానికి విధేయులుగా ఉంటారనీ, యూనియన్ వైపు వెళ్లరనీ కంపెనీ లెక్క. దయ అనే మాట ఫోర్డ్ గురించిన పుస్తకాల్లో చాలాసార్లు కనిపిస్తుంది గానీ, ఆ లెక్క కూడా అంతే స్పష్టంగా కనిపిస్తుంది.

తీసుకున్నది ఎక్కడికి? ఎక్కువ మందిని ఫౌండ్రీలోకి. కరిగిన ఇనుము, పొగ, ఇసుక దుమ్ము మధ్య పని. తర్వాత పెయింట్ స్ప్రే, ఊడ్చే పనులు. టూల్ మేకర్, ఎలక్ట్రీషియన్ లాంటి నైపుణ్యపు పనుల్లో తెల్లవాళ్లు తమ కొడుకులనూ బంధువులనూ చేర్పించుకునేవారు. ఫోర్డ్ వారి రూజ్ ఫ్యాక్టరీ డెట్రాయిట్ పక్కనే ఉన్న డియర్‌బోర్న్ పట్టణంలో ఉంది. అక్కడ పని చేసే నల్లజాతి మనిషికి ఆ పట్టణంలో ఇల్లు దొరకదు. 1942 నుంచి 1978 వరకు అక్కడ మేయర్‌గా ఉన్న ఆర్విల్ హబ్బర్డ్ తమ ఊళ్లోకి నల్లవాళ్లను రానివ్వనని బాహాటంగానే చెప్పుకునేవాడు. పగలంతా ఆ ఊరి ఫ్యాక్టరీలో చెమటోడ్చి, షిఫ్టు అయ్యాక ఊరు దాటి వెళ్లిపోవాలి.

బొంబాయి బట్టల మిల్లుల చరిత్ర చదివినవాళ్లకు ఇది వెంటనే స్ఫురిస్తుంది. అక్కడ దళితులకు స్పిన్నింగ్‌లో, తక్కువ కూలి పనుల్లో చోటుండేది. ఎక్కువ కూలి వచ్చే నేత విభాగంలోకి మాత్రం రానిచ్చేవారు కాదు. షటిల్‌లోకి దారం ఎక్కించాలంటే నోటితో పీల్చాలి కాబట్టి, అంటు అవుతుందని సవర్ణ కార్మికులే అడ్డుపడ్డారు. 1928 సమ్మె కాలంలో అంబేద్కర్ ఈ ప్రశ్నను యూనియన్ నాయకత్వం ముందు పెట్టారు. వర్గ ఐక్యత గురించి గంటల కొద్దీ మాట్లాడగల నాయకులకు ఈ చిన్న దారం దగ్గర మాత్రం గొంతు పట్టేసింది.

డెట్రాయిట్‌లోనూ యూనియన్ కథ ఇలాగే రెండు ముఖాలతో నడిచింది. 1941లో ఫోర్డ్‌లో యునైటెడ్ ఆటో వర్కర్స్ సమ్మె గెలవడంలో నల్లజాతి సంఘాల మద్దతు కీలకమైంది. అదే ఏడాది ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ వాషింగ్టన్‌కు మహా ప్రదర్శన తీస్తామని హెచ్చరించాకే, రక్షణ పరిశ్రమల్లో వివక్షను నిషేధిస్తూ అధ్యక్షుడు రూజ్వెల్ట్ ఉత్తర్వు ఇచ్చాడు. ఆ తర్వాత రెండేళ్లకు, 1943 జూన్‌లో, యుద్ధ విమానాల ఇంజన్లు తయారుచేస్తున్న ప్యాకార్డ్ ఫ్యాక్టరీలో ముగ్గురు నల్లజాతి కార్మికులకు అసెంబ్లీ లైన్‌లోకి ప్రమోషన్ ఇచ్చారు. దానికి నిరసనగా సుమారు 25 వేల మంది తెల్ల కార్మికులు పని ఆపేశారు. ముగ్గురికి 25 వేల మంది! ఆ నెలలోనే నగరంలో జరిగిన జాతి హింసలో 34 మంది చనిపోయారు. వారిలో 25 మంది నల్లజాతి వాళ్లు.

గోడ అవతలికి వెళ్లిన ఫ్యాక్టరీలు

యుద్ధం తర్వాత అమెరికా కార్ల అమ్మకాలు దూసుకుపోయాయి. పరిశ్రమకు స్వర్ణయుగం అని చెప్పే కాలం ఇదే. సరిగ్గా ఇదే కాలంలో డెట్రాయిట్ నగరం ఖాళీ కావడం మొదలైంది. చరిత్రకారుడు థామస్ సగ్రూ ఈ లెక్కలన్నీ ఒకచోట చేర్చాడు. 1947 నుంచి 1958 మధ్య జనరల్ మోటార్స్, ఫోర్డ్, క్రైస్లర్ కలిసి డెట్రాయిట్ ప్రాంతంలో 25 కొత్త ఫ్యాక్టరీలు కట్టాయి. అన్నీ నగరం బయటి శివారు పట్టణాల్లోనే. రూజ్ ఫ్యాక్టరీలో 1945లో 85 వేల మంది ఉంటే 1960 నాటికి 30 వేలు మిగిలారు. కొంత పని యంత్రాలకు పోయింది, కొంత వేరే ఊళ్లకు పోయింది. యూనియన్ బలంగా ఉన్న చోటు నుంచి పనిని తప్పించడం కూడా కంపెనీల ఉద్దేశాల్లో ఒకటి. హడ్సన్ మూతపడింది. 1956లో ప్యాకార్డ్ మూతపడింది. మొత్తం మీద 1947–1963 మధ్య డెట్రాయిట్ నగరం 1,34,000 తయారీ ఉద్యోగాలు పోగొట్టుకుంది. అప్పటికి అమెరికా రోడ్ల మీద జపాన్ కారు కనబడటమే అరుదు.

శివారుకు ఫ్యాక్టరీ వెళ్తే తెల్ల కార్మికుడు కూడా వెనకే వెళ్లాడు, ప్రభుత్వ హామీ ఉన్న గృహ రుణంతో. నల్లజాతి కార్మికుడికి ఆ దారి మూసి ఉంది. ఈ ఇల్లు నల్లవాళ్లకు అమ్మరాదని దస్తావేజుల్లోనే షరతులు రాసేవారు. అలాంటి షరతులను కోర్టులు అమలుచేయకూడదని సుప్రీంకోర్టు 1948లో చెప్పినా, బ్యాంకులూ రియల్ ఎస్టేట్ ఏజెంట్లూ పాత పద్ధతే కొనసాగించారు. డెట్రాయిట్‌లో ఎయిట్ మైల్ రోడ్డు దగ్గర ఇప్పటికీ ఒక కాంక్రీటు గోడ ఉంది. ఆరు అడుగుల ఎత్తు, అర మైలు పొడవు. నల్లజాతి వాడ పక్కన తెల్లవాళ్ల ఇళ్లు కట్టాలనుకున్న బిల్డర్, రుణ హామీకి ఫెడరల్ గృహ సంస్థను ఒప్పించడానికి 1941లో దాన్ని కట్టించాడు. మదురై జిల్లా ఉత్తపురంలో దళిత వాడకు అడ్డంగా కట్టిన గోడను 2008లో కొంత కూల్చారు. ఆ ఫోటోలు చూసినవాళ్లకు డెట్రాయిట్ గోడ గురించి ఇంకేమీ వివరించనక్కర్లేదు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎవరూ 'నల్లవాళ్లకు ప్రవేశం లేదు' అని బోర్డు పెట్టలేదు. ఫ్యాక్టరీని 20 మైళ్ల అవతల పెట్టి, ఆ 20 మైళ్ల అవతల ఇల్లు దొరక్కుండా చూస్తే చాలు.

లోపల ఉన్నవాళ్ల సంగతి సీనియారిటీ చూసుకుంది. మందగమనం రాగానే చివరగా చేరినవాళ్లను ముందు తీసేయాలి. కార్మికుల హక్కుగా పోరాడి సాధించుకున్న నియమం ఇది. యజమాని ఇష్టారాజ్యాన్ని ఆపింది కూడా. కానీ చేరడానికే దశాబ్దాలు ఆలస్యం చేసిన సమాజంలో అదే నియమం అమలైతే, వివక్షకు వేరే మనిషి అక్కర్లేదు. పైగా చాలాచోట్ల సీనియారిటీ విభాగాల వారీగా ఉండేది. ఫౌండ్రీలో పదిహేనేళ్లు చేసినవాడు మంచి విభాగానికి మారితే మళ్లీ సున్నా నుంచి మొదలు. యంత్రాలు వచ్చి ముందుగా తుడిచిపెట్టింది కూడా బరువు పనుల విభాగాలనే.

మన దగ్గర దీని రూపం వేరు. ప్రభుత్వ రంగ సంస్థల్లో దళితులు, ఆదివాసీలు రిజర్వేషన్ వల్లే లోపలికి రాగలిగారు. విశాఖ ఉక్కును అమ్మేయడానికి 2021 జనవరిలో కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపినప్పుడు చర్చ అంతా నష్టాలు, భూముల విలువ చుట్టూ తిరిగింది. ప్రైవేటు చేతికి వెళ్లిన సంస్థలో కొత్త నియామకాలకు రిజర్వేషన్ వర్తించదు. కాంట్రాక్టు కూలీగా పనిచేసేవాడికైతే సీనియారిటీ జాబితాలో పేరే ఉండదు.

1968, డాడ్జ్ మెయిన్

1960ల మధ్యలో గిరాకీ పెరిగి, ముఖ్యంగా క్రైస్లర్ కంపెనీ నల్లజాతి యువకులను పెద్ద సంఖ్యలో తీసుకుంది. డాడ్జ్ మెయిన్ ఫ్యాక్టరీలో లైన్ మీద వాళ్లే ఎక్కువ. ఫోర్‌మన్లు దాదాపు అందరూ తెల్లవాళ్లు. 1968 మే నెలలో లైన్ వేగం పెంచినందుకు యూనియన్ అనుమతి లేకుండానే సమ్మె జరిగింది. తెల్ల, నల్ల కార్మికులు ఇద్దరూ పాల్గొన్నారు. శిక్షలు మాత్రం ఎక్కువగా నల్లవాళ్లకే పడ్డాయి. ఆ కోపంలోంచి డాడ్జ్ రివల్యూషనరీ యూనియన్ మూవ్‌మెంట్, 'డ్రమ్', పుట్టింది. ఉత్పత్తి పెరగడానికి కారణం కొత్త యంత్రాలు కాదనీ, ముగ్గురు తెల్ల కార్మికుల పనిని ఒక్క నల్ల కార్మికుడి చేత చేయిస్తున్నారనీ వాళ్లు వాదించారు.

డ్రమ్ విమర్శ కంపెనీతో ఆగలేదు. యూనియన్ అధ్యక్షుడు వాల్టర్ రూథర్ 1963లో వాషింగ్టన్ ప్రదర్శనలో మార్టిన్ లూథర్ కింగ్ ఉన్న వేదిక మీదే మాట్లాడాడు. అదే యూనియన్ కార్యవర్గంలోకి మొదటి నల్లజాతి సభ్యుడు రావడానికి 1962 దాకా పట్టింది, అంటే స్థాపించిన 27 ఏళ్లకు. 1968 లోకల్ ఎన్నికలో డ్రమ్ అభ్యర్థి మొదటి రౌండ్‌లో ముందున్నాడు. రిటైరైన తెల్ల కార్మికుల ఓట్లు కూడా పడిన రెండో రౌండ్‌లో ఓడిపోయాడు. కార్మికోద్యమంలో పనిచేసే దళిత మిత్రులు ఈ పేజీ దగ్గర కాసేపు ఆగుతారనుకుంటాను.

ఆ యువకులు చివరగా చేరినవాళ్లు కాబట్టి, 1974–75 మాంద్యంలో లే ఆఫ్ ముందుగా వాళ్లనే తాకింది. 1980 జనవరిలో డాడ్జ్ మెయిన్ శాశ్వతంగా మూతపడింది. అదే నెలలో క్రైస్లర్‌ను కాపాడటానికి 150 కోట్ల డాలర్ల రుణ హామీ చట్టం మీద అధ్యక్షుడు కార్టర్ సంతకం చేశాడు.

జపాన్ మీద కోపం

ఇక అందరికీ తెలిసిన భాగం. 1980లో కార్ల ఉత్పత్తిలో జపాన్ అమెరికాను దాటింది. 1981లో అమెరికా ఒత్తిడితో జపాన్ తన ఎగుమతులను ఏడాదికి 16.8 లక్షల కార్లకు పరిమితం చేసుకుంది. పెద్ద కార్ల లాభాలకు అలవాటుపడి చిన్న కార్లను నిర్లక్ష్యం చేసిన యాజమాన్యాల తప్పు మరుగున పడి, 'జపాన్ వాళ్లు మన పని దొంగిలించారు' అనే మాట మిగిలింది. 1982 జూన్‌లో డెట్రాయిట్‌లో విన్సెంట్ చిన్ అనే యువకుడిని క్రైస్లర్ సూపర్‌వైజర్ ఒకడు, తన సవతి కొడుకుతో కలిసి, బేస్‌బాల్ బ్యాట్‌తో కొట్టి చంపాడు. చిన్ జపానీయుడు కూడా కాదు, చైనా మూలాలున్న అమెరికన్. జడ్జి వేసిన శిక్ష ప్రొబేషన్, 3,000 డాలర్ల జరిమానా. జైలు లేదు. అగ్రకుల హత్య కేసుల తీర్పులు అనుసరించేవాళ్లకు ఈ లెక్క కూడా కొత్త కాదు.

జపాన్ కంపెనీలు అమెరికాలోనే ఫ్యాక్టరీలు పెట్టాక? 1982లో హోండా ఒహాయో రాష్ట్రంలోని మేరీస్‌విల్ దగ్గర కార్ల తయారీ మొదలుపెట్టింది. ఫ్యాక్టరీకి ఇన్ని మైళ్ల లోపు ఉన్నవాళ్లకే ఉద్యోగమని నియమం పెట్టింది. ఆ పరిధిలో ఉన్నది దాదాపుగా తెల్లవాళ్ల గ్రామాలు. నల్లజాతి జనాభా ఉన్న కొలంబస్ నగరం ఎక్కువగా పరిధి బయటే ఉండిపోయింది. 1988లో ప్రభుత్వ సమాన అవకాశాల కమిషన్‌తో రాజీ కుదిరి, నల్లజాతి వాళ్లకూ మహిళలకూ కలిపి 370 మందికి హోండా 60 లక్షల డాలర్ల పాత జీతం చెల్లించింది. యజమాని దేశం మారినా మైళ్ల లెక్క మారలేదు.

నీళ్లు

2009లో జనరల్ మోటార్స్, క్రైస్లర్ రెండూ దివాలా తీశాయి. ప్రభుత్వ డబ్బుతో రెండూ లేచి నిలబడ్డాయి. 1950లో 18.5 లక్షల జనాభా ఉన్న డెట్రాయిట్ 2010కి 7.14 లక్షలకు పడిపోయింది. వారిలో నూటికి 80 మందికి పైగా నల్లజాతి వాళ్లు. 2013 జూలైలో ఆ నగరం కూడా దివాలా పిటిషన్ వేసింది. కంపెనీలకు దొరికినంత సాయం దానికి దొరకలేదు.

డెట్రాయిట్‌కు ఉత్తరాన గంట ప్రయాణంలో ఫ్లింట్ ఉంది. జనరల్ మోటార్స్ పుట్టిన ఊరు. 1978లో అక్కడ ఆ కంపెనీకి దాదాపు 80 వేల మంది కార్మికులు ఉండేవారు. 2010 నాటికి 8 వేలు కూడా మిగల్లేదు. జనాభాలో సగానికి పైగా నల్లజాతి వాళ్లు. పన్నుల రాబడి పడిపోయి ఖజానా ఖాళీ కావడంతో రాష్ట్రం ఎన్నికైన కౌన్సిల్‌ను పక్కనపెట్టి తన అధికారిని నియమించింది. ఖర్చు తగ్గించడానికని 2014 ఏప్రిల్‌లో ఊరికి ఫ్లింట్ నది నీళ్లు మళ్లించారు. అక్టోబర్‌లో జనరల్ మోటార్స్ ఆ నీళ్లు వద్దని వేరే సరఫరాకు మారింది. ఇంజన్ భాగాలు తుప్పు పడుతున్నాయట. పైపుల నుంచి సీసం కలిసిన అవే నీళ్లను జనం మరో ఏడాది, 2015 అక్టోబర్ దాకా, తాగారు.