బాంబు ఒకరి కళ్లకు, పుస్తకం మరొకరి చేతికి

వర్చువల్ రియాలిటీ ఆటలను మామూలు కంప్యూటర్ తెర మీద కూడా ఆడనివ్వాలా? ఈ ప్రశ్నకు యంత్రాల కంటే ఒక కాగితాల కట్ట మెరుగైన జవాబు చెబుతుంది.

కెనడా రాజధాని ఒటావాలోని స్టీల్ క్రేట్ గేమ్స్ అనే చిన్న సంస్థ 2015లో విడుదల చేసిన ‘కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్’ అనే ఆటకు ఒక మాన్యువల్ ఉంది. బాంబును పేలకుండా ఆపడమెలాగో వివరించే 23 పుటల ఆ పత్రాన్ని ఎవరైనా ఇంటర్నెట్ నుంచి ఉచితంగా దించుకొని, అచ్చు తీసుకొని, బల్ల మీద పరుచుకోవచ్చు. ఆటను కొనవలసింది బాంబును చూసే ఒక్కరు మాత్రమే. పత్రం మీద 241 అనే ధ్రువీకరణ సంఖ్య అచ్చయి ఉంటుంది. ఆటలోనూ అదే సంఖ్య కనిపిస్తే ఉభయుల దగ్గరా ఒకే ప్రతి ఉన్నట్టు లెక్క. వర్చువల్ రియాలిటీ, అంటే కళ్లను పూర్తిగా కప్పే హెడ్‌సెట్ తొడుక్కొని, తల తిప్పినవైపల్లా ఒక కల్పిత స్థలాన్ని చూస్తూ అందులోనే ఉన్నట్టు భ్రమించే సాంకేతికత, సంక్షిప్తంగా వీఆర్, చుట్టూ జరుగుతున్న వాదమంతటిలోకీ ఈ కాగితాలంత ఆసక్తికరమైన సాక్ష్యం మరొకటి కనిపించదు.

ఆట నియమం సరళమైనది. బాంబు ఎదుట కూర్చున్న వ్యక్తి మాన్యువల్‌ను చూడకూడదు, మాన్యువల్ చదివేవారు బాంబును చూడకూడదు, ఉభయుల మధ్యా మాట ఒక్కటే వారధి. బాంబు మీద మాడ్యూళ్లు, అంటే విడివిడిగా పరిష్కరించవలసిన చిక్కుల పెట్టెలు, పదకొండు వరకూ ఉండవచ్చు. టైమర్ వెనక్కి తిరుగుతూనే ఉంటుంది, తప్పు జరిగినప్పుడల్లా దాని వేగం పెరుగుతుంది, సాధారణంగా మూడో తప్పుతో బాంబు పేలిపోతుంది. వీటన్నిటిలో సులువైన తీగెల మాడ్యూల్‌నే తీసుకున్నా, తీగెలు మూడు ఉన్నప్పుడు ఎర్రది ఒక్కటీ లేకపోతే రెండోదాన్ని కత్తిరించాలి. ఎర్రది ఉండి చివరిది తెల్లదైతే ఆ చివరిదాన్ని కత్తిరించాలి. అలా కాకుండా నీలివి ఒకటి కంటే ఎక్కువ ఉంటే నీలివాటిలో చివరిదాన్ని, ఇవేవీ వర్తించకపోతే మళ్లీ చివరిదాన్నే కత్తిరించాలి. తీగెలు నాలుగైతే బాంబు క్రమసంఖ్యలోని చివరి అంకె బేసిదా సరిదా అన్న షరతు కూడా వచ్చి చేరుతుంది. బొత్తాం ఉన్న మాడ్యూల్‌లో కొన్ని సందర్భాల్లో దానిని నొక్కి పట్టుకోవాలి. అప్పుడు పక్కన వెలిగే పట్టీ నీలం రంగుదైతే టైమర్‌లో ఎక్కడైనా 4 కనిపించినప్పుడు, పసుపైతే 5 కనిపించినప్పుడు, వేరే రంగైతే 1 కనిపించినప్పుడు వదిలిపెట్టాలి.

మాన్యువల్‌లోని అసలు గడుసుదనం తర్వాతి పుటల్లో బయటపడుతుంది. కీప్యాడ్ మాడ్యూల్‌లో నాలుగు గుర్తులు ఉంటాయి. అవి పాత గ్రీకు, సిరిలిక్ లిపుల నుంచీ మరెక్కడెక్కడి నుంచో ఏరి తెచ్చినవి కావడంతో ఎక్కువమందికి వాటి పేర్లు తెలియవు, తెలియనందువల్ల ఆడేవారు ‘బుడగ’ అనో ‘తోకున్న మూడు’ అనో అప్పటికప్పుడు పేర్లు పెట్టుకొని, ఆ పేరు అవతలివారికి ఏ గుర్తును తలపిస్తుందో ఊహించుకోవాలి. మరో మాడ్యూల్‌కు అబట్, కాస్టెల్లో అనే అమెరికన్ హాస్య జంట ప్రసిద్ధ ప్రహసనం పేరే పెట్టారు. అందులో చెవికి ఒకేలా వినిపించి రాతలో వేరుగా ఉండే ఇంగ్లీషు మాటలు వరుసగా వస్తాయి, ఏ మాట అని అడిగినవారికి ‘ఏమిటి?’ అన్న జవాబే వస్తే అది జవాబో ఎదురు ప్రశ్నో తేలదు. ఒక మాడ్యూల్ మోర్స్ సంకేతాలతో మిణుకుమిణుకుమంటుంది, ఇంకొకదాని తీగెల లెక్క తేలాలంటే నాలుగు వలయాలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయిన వెన్ చిత్రం చదవాలి. మినహాయింపులో మినహాయింపు పెట్టి, ముందు తెలియవలసిన షరతును వెనక దాచి రాసిన ఈ పత్రం, ఏ కర్మాగారంలోనైనా నిజమైన యంత్రానికి రాసినదైతే రాసినవారికి ఉద్యోగం దక్కేది కాదు. ఆటలో మాత్రం ఆ వంకర రాతే ప్రాణం, ఎందుకంటే ఆడేవారి నైపుణ్యమంతా దాన్ని కంగారు పడకుండా విప్పి చెప్పడంలోనే ఉంది.

ఈ ఆట పుట్టింది వీఆర్ కోసమే. 2014 జనవరిలో జరిగిన గ్లోబల్ గేమ్ జామ్‌లో, అంటే ప్రపంచమంతటా ఒకే వారాంతంలో చిన్న చిన్న బృందాలు ఆటలు తయారుచేసే వార్షిక కార్యక్రమంలో, దీని తొలి రూపం తయారైంది. హెడ్‌సెట్ తొడుక్కున్న ఒక్కరు వింతలు చూస్తుంటే చుట్టూ ఉన్నవారు వరుసలో నిలబడి వారిని చూడవలసి రావడం అప్పటి వీఆర్ ప్రదర్శనలన్నిటి లోపం. రూపకర్తలు ఆ లోపాన్ని దిద్దడానికి బదులు దాన్నే నియమంగా మార్చి, చూసేవారి చేతికి మాన్యువల్ ఇచ్చారు. 2015 జులైలో ఆట మొదట సామ్‌సంగ్ ఫోన్ అమర్చుకొనే గేర్ వీఆర్ హెడ్‌సెట్‌కు వచ్చింది, అదే ఏడాది అక్టోబరులో హెడ్‌సెట్ తప్పనిసరి కాకుండా కంప్యూటర్‌కు వచ్చింది, తరువాత ఆట యంత్రాలకూ ఫోన్లకూ విస్తరించింది. తెర మీదికి వచ్చినందువల్ల ఆట చప్పబడలేదు.

చప్పబడకపోవడానికి కారణం ఆలోచించదగినది. ఈ ఆటలో హెడ్‌సెట్ చేస్తున్న పని లోతు చూపించడమో తల తిప్పనివ్వడమో కాదు, అది కళ్లగంతల పని. తొడుక్కున్నవారు మాన్యువల్‌ను దొంగచాటుగా చూడలేరు, అంతే. ఆ పనిని కంప్యూటర్ తెరను గోడవైపు తిప్పడం ద్వారానో, వేరే ఊళ్లో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేసి చదివించుకోవడం ద్వారానో కూడా సాధించవచ్చు. తేడా అల్లా హెడ్‌సెట్ బలవంతాన చేయించేదాన్ని తెర నిజాయితీకి వదిలిపెడుతుంది. పైగా మాన్యువల్ పట్టుకున్న సగం మంది ఆటగాళ్లకు మొదటి నుంచీ ఏ యంత్రమూ అవసరం లేదు. డెస్క్‌టాప్‌లో ఆడనివ్వాలా అన్న ప్రశ్న రాకముందే ఈ ఆట కాగితం మీద ఆడనిచ్చింది.

కాబట్టి ఒక వీఆర్ ఆటను తెర మీదికి తేవాలా వద్దా అన్నది ఆ ఆట తన కష్టాన్ని ఎక్కడ దాచుకుందో చూసి తేల్చవలసిన విషయం. కష్టం మాటలోనో, తెలివిలోనో, దారి వెతకడంలోనో ఉంటే హెడ్‌సెట్ లేనివారిని గుమ్మం బయట నిలబెట్టడం కేవలం డాంబికం. కష్టం మణికట్టులోనూ మోకాలిలోనూ ఉంటే తెర మీద మిగిలేది పేరు ఒక్కటే.

రెండో తరగతికి ఉదాహరణ వాల్వ్ సంస్థ 2020 మార్చి 23న విడుదల చేసిన ‘హాఫ్-లైఫ్: అలిక్స్’. ‘హాఫ్-లైఫ్’ కథలో సుమారు పదమూడేళ్ల విరామం తరువాత వచ్చిన ఆ భాగాన్ని హెడ్‌సెట్‌కే పరిమితం చేయడం పాత అభిమానుల్లో చాలామందికి మింగుడుపడలేదు. ఆ ఆటలో తుపాకీ నింపడం అంటే ఖాళీ అయిన మ్యాగజీన్‌ను జారవిడిచి, చేతిని భుజం మీదుగా వెనక్కి పోనిచ్చి సంచిలోంచి కొత్తది తీసి, తుపాకీలోకి దూర్చి, పైభాగాన్ని వెనక్కి లాగడం. ఇదంతా శత్రువు మీదికి వస్తుండగా చేయాలి, కంగారులో మ్యాగజీన్ చేయి జారుతుంది, భయమంతా ఆ జారడంలో ఉంది. జెఫ్ అనే గుడ్డి జీవి తిరిగే అధ్యాయంలో అది శబ్దాన్ని బట్టి వేటాడుతుంది, దాని చుట్టూ గాలిలో ఉన్న రజను పీల్చితే దగ్గు వస్తుంది. అందుకని ఆటగాడు నిజంగా చేయెత్తి నోటికి అడ్డం పెట్టుకోవాలి, ఆ చేయి అక్కడ ఉన్నంతసేపూ తలుపు తీయడానికీ సీసా కింద పడకుండా పట్టుకోవడానికీ ఒక్క చేయే మిగులుతుంది. అభిమానుల బృందం ఒకటి ఈ ఆటను కీబోర్డు, మౌస్‌తో ఆడుకొనేలా ఒక మాడ్‌ను, అంటే అసలు ఆటకు బయటివారు చేసే మార్పును, తయారుచేసి అందించింది. హెడ్‌సెట్ కొనలేనివారికి కథ దక్కడం మంచిదే, ఆ శ్రమ మెచ్చదగినదే. అయితే నాలుగు కదలికల తుపాకీ ఒక మీట నొక్కుడుగా మారినప్పుడు, రెండు చేతుల లెక్క వేళ్ల లెక్కగా తేలిపోయినప్పుడు, మిగిలినది చక్కటి దృశ్యాల మధ్య సాగే సాదాసీదా కాల్పుల ఆట. వాల్వ్ డెస్క్‌టాప్ రూపం ఇవ్వకపోవడాన్ని మొండితనమని కొందరు తిట్టినా, డెస్క్‌టాప్ మీద ఇవ్వగలిగింది ఆ ఆట కాదన్నది ఒప్పుకోక తప్పదు.

చరిత్రను క్లుప్తంగా చెప్పుకుంటే, తలకు తొడుక్కొనే తెరను ఐవాన్ సదర్లాండ్ 1968లోనే నిర్మించాడు, 1995లో నింటెండో తెచ్చిన వర్చువల్ బాయ్ నిలబడలేదు, 2012లో ఓకులస్ అనే హెడ్‌సెట్ల సంస్థ ప్రజల నుంచి విరాళాల రూపంలో పెట్టుబడి సేకరించింది, 2014లో దానిని ఫేస్‌బుక్ కొంటున్నట్టు ప్రకటించింది, 2016లో ఓకులస్ హెడ్‌సెట్ రిఫ్ట్ 599 డాలర్లకు, హెచ్‌టీసీ వైవ్ 799 డాలర్లకు, సోనీ ప్లేస్టేషన్ వీఆర్ 399 డాలర్లకు వచ్చాయి, 2019లో వచ్చిన ఓకులస్ క్వెస్ట్‌తో కంప్యూటర్ అవసరం కూడా పోయింది. ఇన్ని జరిగినా, వాల్వ్ నడిపే స్టీమ్ దుకాణంలో నెలనెలా జరిగే పరికరాల సర్వేలో హెడ్‌సెట్ ఉన్నవారు కొన్నేళ్లుగా రెండు శాతం అటూఇటుగానే ఉంటున్నారు.

డెస్క్‌టాప్‌కు అనుకూలంగా ఎక్కువగా వినిపించేది ఈ అంకె. దానికంటే బలమైన వాదం శరీరం నుంచి వస్తుంది. హెడ్‌సెట్‌లో కళ్లు ముందుకు పరుగెడుతున్నట్టు చెబుతాయి, లోపలి చెవిలోని సమతౌల్య అవయవం కదలిక లేదని చెబుతుంది; ఈ పొంతన లేని సమాచారానికి చాలామంది ఒళ్లు వికారంతో స్పందిస్తుంది. తెర సెకనుకు 90 సార్లు మారినా, నడకకు బదులు ఒక చోట మాయమై మరో చోట తేలే పద్ధతి పెట్టినా కొందరికి అది తగ్గదు. నిలబడలేనివారు, రెండు చేతులూ ఆడనివారు, ఒక కంటి చూపే ఉన్నవారు కూడా ఉన్నారు. వీరి కోసం ఆటను తెర మీదికి తెస్తే దాని శుద్ధి చెడుతుందని చెప్పే రూపకర్తల మాట, ‘అలిక్స్’ వంటి అరుదైన ఆటలకు తప్ప, సాకుగానే వినిపిస్తుంది.

అయితే పని చిన్నదేమీ కాదు. తెర మీది ఆటల్లో కథ మలుపు తిరిగేటప్పుడు కెమెరాను రూపకర్త తన చేతిలోకి తీసుకొని కావలసినవైపు తిప్పుతాడు. వీఆర్‌లో కెమెరా అంటే ఆటగాడి తలే కనుక దాన్ని ఎవరూ లాక్కోకూడదు, లాక్కుంటే వికారం. అందువల్ల వీఆర్ కోసం కట్టిన దృశ్యంలో పాత్రలు ఆటగాడి చుట్టూ తిరిగి మాట్లాడతాయి, వస్తువులు చేతికందే ఎత్తులో ఉంటాయి, సొరుగు లాగితే వచ్చే చిన్న ఆనందం మీద గదులకు గదులు నడుస్తాయి. అవన్నీ మౌస్ కింద నీరసంగా తోస్తాయి. పోటీ ఆటల్లో చిక్కు మరో రకంగా వస్తుంది. మౌస్ గురి గాలిలో వణికే చేతి గురి కంటే కచ్చితమైనది, హెడ్‌సెట్‌వారేమో గోడ చాటు నుంచి మెడ మాత్రం చాచి చూడగలరు. ఇద్దరినీ ఒకే మైదానంలో దించితే ఎవరో ఒకరు అన్యాయమని అరవడం ఖాయం.

పోటీ లేని చోట మాత్రం కలపడమే మేలు. 2016లో హెడ్‌సెట్లకే మొదలైన ‘రెక్ రూమ్’ తరువాత తెరలకూ ఫోన్లకూ తలుపు తెరిచింది. 2017లో స్టీమ్‌లోకి వచ్చిన ‘వీఆర్ చాట్’, పేరులోనే వీఆర్ ఉన్నా, హెడ్‌సెట్ లేనివారిని రానిస్తుంది. అలా వచ్చినవారి బొమ్మలు చేతులు ఊపలేక కొంచెం బిగుసుకుపోయినట్టు నిలబడతాయి గానీ కబుర్లకు అది అడ్డం కాలేదు. మనుషులు కావలసిన గదికి రెండు శాతం మందితో సరిపెట్టుకోమనడం వ్యాపారపరంగానూ తెలివైన పని కాదు.

ఏడు నెలలకు దిగివచ్చిన నౌక

యూబీసాఫ్ట్ 2017 మే 30న విడుదల చేసిన ‘స్టార్ ట్రెక్: బ్రిడ్జ్ క్రూ’లో నలుగురు ఆటగాళ్లు అంతరిక్ష నౌకను నడపాలి: కెప్టెన్, చుక్కాని, ఆయుధాలు, ఇంజిన్. వీరిలో ప్రతి ఒక్కరికీ హెడ్‌సెట్ ఉండాలన్నది తొలి షరతు. నలుగురు హెడ్‌సెట్ యజమానులు ఒకే సాయంత్రం ఒకే ఆటకు దొరకడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. అదే ఏడాది డిసెంబరులో హెడ్‌సెట్ లేకుండా ఆడే మార్పు వచ్చింది, రెండు రకాలవారూ ఒకే నౌకలో కూర్చోగలిగారు. కెప్టెన్ ఆజ్ఞలివ్వడం, ఇంజినీరు శక్తిని పంచడం మాటతోనూ మీటలతోనూ జరిగే పనులే కనుక తెరవారి వల్ల ఎవరికీ నష్టం రాలేదు. ఈ ఒక్క సందర్భంలో మొదటి నిర్ణయం పొరపాటని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

దుకాణపు చీటీలో లేనిది

స్టీమ్‌లో ఆట పుటలో ‘వీఆర్ ఓన్లీ’ అనో ‘వీఆర్ సపోర్టెడ్’ అనో ఒక చీటీ ఉంటుంది. మొదటిది హెడ్‌సెట్ లేకుండా ఆట నడవదని, రెండోది రెండు విధాలా ఆడవచ్చని చెబుతాయి. కొనేవారికి కావలసిన మూడో సమాచారం, ఆటను మొదట దేనికోసం రూపొందించి తరువాత దేనికి అతికించారన్నది, ఈ చీటీల్లో ఉండదు. 2020 ఆగస్టులో తెర కోసం వచ్చి డిసెంబరులో వీఆర్ చేర్చుకున్న ‘మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్’లో కాక్‌పిట్ కళ్లముందు అద్భుతంగా విచ్చుకుంటుంది, కీబోర్డు మాత్రం హెడ్‌సెట్ కింద కనిపించక తడుముకోవాలి.

ఒక ఆలోచన, రెండు ఆటలు

పోలండ్‌లో తయారైన ‘సూపర్‌హాట్’ 2016 ఫిబ్రవరిలో తెర కోసం వచ్చింది. ఆటగాడు కదిలితేనే కాలం కదులుతుందన్నది దాని సూత్రం. తెర మీద కదలడమంటే మీట నొక్కడం. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన వీఆర్ రూపాన్ని పాతదానికి అతుకు వేసినట్టు కాక వేరే ఆటగా కట్టారు. అక్కడ కదలడమంటే తల వంచడం, చేయి చాపడం. ఆటగాడు గదుల వెంట నడవడు, ఉన్న చోటే నిలబడి గాలిలో నెమ్మదిగా వస్తున్న తూటాల నుంచి పక్కకు ఒరుగుతాడు, బల్ల మీది సీసాను అందుకొని విసురుతాడు. రెంటినీ విడివిడిగా కొనుక్కోవాలి.