కుండీలో మిగిలిపోయే 52 గ్రాములు

హైదరాబాద్‌లోని దబీర్‌పురా దర్వాజా చుట్టుపక్కల గల్లీలు ఇరుకు, ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. పెరడు లేని చోట మనీప్లాంట్, అరెకా పామ్, పీస్ లిల్లీ కిటికీ పక్కనో, మెట్ల మీదో కుండీల్లోనే బతకాలి. వీటి పుట్టిల్లు వానలు పుష్కలంగా కురిసే ఉష్ణమండలం. మనం పోసేది చాలాసార్లు బోరు నీళ్లు. ఆకు పసుపెక్కగానే ఎరువు కొనకుండా ముందు నీటి లెక్క చూడాలి.

లవణాల లెక్క

మీ బోరు నీటి టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల మొత్తం) లీటరుకు 1000 మిల్లీగ్రాములు అనుకుందాం. వారానికి ఒక లీటరు పోస్తే నీరు ఆవిరైపోతుంది, లవణాలు మట్టిలోనే ఉండిపోతాయి. అడుగున రంధ్రం లేని కుండీలో అవి ఏడాదికి 52 గ్రాములు పేరుకుంటాయి. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్లలో లవణాలు ఇంకా ఎక్కువ. వాటిని మొక్కలకు పోయకండి.

లక్షణాన్ని బట్టి మందు

ఆకు కొనలు మాడి, మట్టి మీద తెల్లని పొర కడితే లవణాలు ఎక్కువైనట్టే. కుండీ అడుగున రంధ్రం లేకపోతే ముందు చేసి, 5 లీటర్ల కుండీలో 10 నుంచి 15 లీటర్ల నల్లా నీళ్లు లేదా వాన నీళ్లు నెమ్మదిగా పోసి అడుగు నుంచి కారిపోనివ్వండి.

లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కితే ఇనుము అందడం లేదు. మట్టి పీహెచ్ 7.5 దాటితే ఇనుము ఉన్నా వేర్లు తీసుకోలేవు. ఐరన్ చీలేట్‌ను డబ్బా మీద రాసిన మోతాదులో వాడండి.

మట్టి తడిగానే ఉన్నా ఆకులు వాలిపోతే వేరుకుళ్లు. నల్లబడి మెత్తబడిన వేర్లు కత్తిరించి, ఇసుక కలిపిన వదులు మట్టిలో నాటండి. ఇకపై రెండంగుళాల లోతున వేలికి తడి తగలనప్పుడే నీళ్లు పోయండి.

ఆకు వెనుక సన్నని గూడు, మీద లేత చుక్కలు కనిపిస్తే ఎర్రనల్లి. 30 డిగ్రీల వేడిలో గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి దానికి సుమారు వారం చాలు. అందుకే ఒక్కసారి మందు కొట్టి ఊరుకోకూడదు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు ద్రవం కలిపి వారానికోసారి చొప్పున మూడు వారాలు సాయంత్రం పూట ఆకుల వెనుక తడిసేలా కొట్టండి.

దూదిలా తెల్లగా అంటుకున్నది పిండినల్లి. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేయండి.

డాబా మీదే ఉన్న నీరు

హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అంటే ఒక్క చదరపు మీటరు డాబా మీద 800 లీటర్లు. వారానికి లీటరు చొప్పున పది కుండీలకు ఏడాది పొడవునా కావాల్సింది 520 లీటర్లే. 200 లీటర్ల డ్రమ్ము ఒకటి నిండితే పది కుండీలకు 20 వారాలు సరిపోతుంది. మూత మాత్రం బిగుతుగా ఉండాలి. డెంగీ మోసే ఏడిస్ దోమ 7 నుంచి 10 రోజుల్లోనే గుడ్డు నుంచి దోమగా మారుతుంది.

ఈ వానాకాలం మొదలయ్యేలోపు మీ డాబా గొట్టం కింద ఒక డ్రమ్ము పెట్టండి. మందుల ఖర్చు కంటే ముందు ఆ ఖర్చే పెట్టాలి.