థైరాయిడ్ రిపోర్టు తేడాగా వస్తే...

రిపోర్టులో టి.ఎస్.హెచ్. ఎక్కువగా కనిపించగానే ఇంట్లో కంగారు మొదలవుతుంది. ‘మాత్ర పనిచేయడం లేదు, మానేసి యునానీ మందు వాడతాం హకీం సాహెబ్’ అంటారు. కాస్త ఆగండి.

టి.ఎస్.హెచ్. గొంతులోని గ్రంథిలో పుట్టేది కాదు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కు పంపే హుకుం అది. హార్మోన్ తగ్గితే హుకుం పెరుగుతుంది, ఎక్కువైతే తగ్గుతుంది. పెద్దవారిలో సుమారు 0.4 నుంచి 4 వరకు మామూలే. తెల్లవారుజామున కొంచెం ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది. అందుకే ప్రతిసారీ ఒకే వేళకు రక్తం ఇవ్వడం మేలు.

థైరాక్సిన్ మాత్ర పరగడుపున, నీళ్లతోనే వేసుకోవాలి. రంజాన్‌లో ఆ నియమం తప్పుతుంది. సహరీలో చాయ్‌తో పాటే మింగేస్తారు, లేదా నోంబు గంజి తాగిన వెంటనే వేసుకుంటారు. మందు ఒంటికి సరిగా పట్టదు, పండుగయ్యాక టి.ఎస్.హెచ్. పెరిగి కనిపిస్తుంది. సహరీకి కనీసం అరగంట ముందు లేచి వేసుకోవచ్చు. లేదా రాత్రి తిన్న మూడు గంటలకు, పడుకునే ముందు.

మా మందుల సంగతీ దాచకూడదు. షర్బతె ఫౌలాద్, కుష్తా ఫౌలాద్‌లలో ఉండేది ఇనుము. కుష్తా మర్జాన్ పగడపు భస్మం, అంటే సున్నమే. ఇవి థైరాక్సిన్‌ను పేగుల్లోనే పట్టేస్తాయి. ఇంగ్లీషు ఐరన్, కాల్షియం మాత్రలూ అంతే. మధ్యలో నాలుగు గంటల ఎడం ఉండాలి. ఫలానా కుష్తా వాడుతున్నామని డాక్టరుగారికి చెప్పేవారు ఎందరు?

జుట్టు రాలకుండా వేసుకునే బయోటిన్ మాత్రలది ఇంకో తమాషా. ఒంట్లో హార్మోన్ సరిగానే ఉన్నా, కొన్ని పరీక్షా పద్ధతుల్లో టి.ఎస్.హెచ్. తగ్గినట్టు, టి3, టి4 పెరిగినట్టు చూపిస్తాయి. బయోటిన్ వల్ల రక్తపరీక్షలు తప్పు చూపవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. డాక్టరును అడిగి, పరీక్షకు రెండు రోజుల ముందే ఆపితే మంచిది.

గట్టి జ్వరం, స్టెరాయిడ్లు కూడా అంకెలు మారుస్తాయి. మోతాదు మార్చాక ఆరు వారాలైనా గడవనిదే మళ్లీ పరీక్ష చేయించి లాభం లేదు.

గర్భిణులకు తొలి మూడు నెలల్లో టి.ఎస్.హెచ్. సహజంగానే కొంత తగ్గుతుంది. అది చూసి సొంతంగా మాత్ర మానకండి. ఆ నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం. రాయపురంలోని యునానీ పరిశోధనా సంస్థకు వెళ్లినా, అరుంబాక్కం ప్రభుత్వ యునానీ వైద్యశాలకు వెళ్లినా, రిపోర్టుతో పాటు ఇంట్లో వాడే సీసాలు, డబ్బీలు అన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.