మూపుమీది ఇల్లు

ప్రయాణికుడు వెంట తీసుకొనిపోయే తిండికి తెలుగులో చక్కని మాటలున్నాయి. ‘పాథేయం’ సంస్కృతం నుంచి వచ్చింది. ‘దారిబత్తెం’, ‘చల్దిమూట’ జనం నోట నిలిచాయి. గోపబాలకులు అడవిలో చల్దులారగించిన ఘట్టాన్ని పోతన భాగవత దశమస్కంధంలో వర్ణించాడు. నీటికి సొరకాయబుర్ర, బరువుకు కావడి, భిక్షకు జోలె - ఇట్లా బాటసారి సామగ్రికి విడివిడిగా పేర్లు ఏర్పడటాన్నిబట్టి, వెంట ఏది ఉండాలి, ఏది ఉండనక్కరలేదు అన్న ఆలోచన ఈనాటిది కాదని తెలుస్తుంది.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మదరాసు నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చాడు. ఆయన వెంట పరివారం ఉంది. పల్లకి మోసే బోయీలు ఉన్నారు. నేడు వీపున సంచి తగిలించుకొని కొండలెక్కే యువతీయువకులకు ఆ వసతి లేదు. తిండి, పడక, గుడారం, మందులు - సమస్తం తమ భుజాలే మోయాలి. బ్యాక్‌ప్యాకింగ్ అని పిలిచే ఈ యాత్ర, నాలుగు రోజులపాటు ఇంటిని మూపున పెట్టుకొని నడవటమే. నత్తకు ఆ ఇల్లు పుట్టుకతో వస్తుంది. మనిషి మాత్రం దానిని తానే సమకూర్చుకోవాలి.

కొత్తగా బయలుదేరేవారు సాధారణంగా మొదట కొనేది సంచి. నిజానికి దానిని చివర కొనటం మేలు. పెద్ద సంచి ముందుగా ఇంటికి వస్తే, ఖాళీ కనిపించినంతమేరా ఏదో ఒకటి చేరుతూనే ఉంటుంది. వెంట ఉండవలసినవన్నీ ఒకచోట పోగుచేసి, తూచి, వాటికి సరిపడే సంచిని ఎన్నుకోవాలి. నిండిన సంచి బరువు మోసేవారి శరీరభారంలో అయిదోవంతు మించరాదన్నది అనుభవజ్ఞులు పాటించే లెక్క. అరవై కిలోల మనిషికి పన్నెండు కిలోలన్నమాట. మొదటిసారి నడిచేవారికి అంతకన్న తక్కువే క్షేమం.

ఆ బరువు ఎక్కడ ఆనుతుందన్నది మరింత ముఖ్యం. మంచి సంచికి నడుము చుట్టూ బిగించుకొనే వెడల్పాటి పట్టీ ఉంటుంది. అది తుంటి ఎముకలపై కూర్చుంటే భారంలో అధికభాగం కాళ్లకు దిగుతుంది. భుజాల పట్టీలు సంచి వెనక్కు వాలకుండా పట్టి ఉంచుతాయి. అందుచేత సంచి కొలతకు మనిషి ఎత్తు ప్రమాణం కాదు, వెన్ను పొడవు ప్రమాణం. తల వంచినప్పుడు మెడ మొదట్లో పొడుచుకొనివచ్చే ఎముక నుంచి తుంటి ఎముకల పై అంచు దాకా టేపుతో కొలిస్తే ఆ పొడవు తెలుస్తుంది. అంగడిలో ఖాళీ సంచిని తగిలించుకొని అద్దంలో చూసుకుంటే ప్రయోజనం లేదు. అందులో కొంత బరువు వేయించి, పావుగంట అటూ ఇటూ నడిచి చూడాలి. సర్దేటప్పుడు పడక అడుగున, బరువైన తిండిసామాను వీపుకు ఆనుకొని నడుమ, వానకోటు అన్నిటికన్న పైన ఉండాలి. వాన చెప్పి రాదు.

పాదరక్షల విషయంలో పిసినారితనం పనికిరాదు. నడకలో పాదాలు ఉబ్బుతాయి కాబట్టి బూట్లను సాయంకాలం వేళ, నడకలో తొడిగే మేజోళ్లతోనే కొలత చూసి కొనాలి. బొటనవేలి ముందు కాస్త చోటు లేకపోతే దిగుడుదారిలో గోళ్లు నల్లబడతాయి. కొత్తబూట్లతో నేరుగా కొండకు పోవటం కన్న తెలివితక్కువపని లేదు. కనీసం రెండు మూడు వారాలు ఊళ్లో నడిచి వాటిని పాదానికి మాలిమి చేసుకోవాలి. బొబ్బ చిన్నదే, కాని అడవి నడుమ అది మనిషిని కూలదోస్తుంది.

దుస్తుల దగ్గర మన అలవాటే మనకు ప్రతికూలం. తెలుగునాట ఎండకు నూలుబట్టను మించినది లేదు. కాని అదే నూలు చెమటనూ వాననూ పీల్చుకొని చాలాసేపటిదాకా ఆరదు. తడిబట్ట ఒంటి వేడిని హరిస్తుంది. సముద్రమట్టం నుంచి వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. శీతకాలంలో లంబసింగి వెళ్లినవారికి ఈ లెక్క చెప్పనక్కరలేదు. హిమాలయాలలో ఇది ప్రాణాంతకం. మైదానాలలో ఎండలు మండే 2024 జూన్‌లో, ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ మార్గంలో 22 మంది బృందం మంచుతుపానులో చిక్కుకొంది. తొమ్మిదిమంది చలికి బలైపోయారు. వారిలో అత్యధికులు కర్ణాటకవారు. వారి దగ్గర ఏది ఉన్నది, ఏది లేదు అన్న తర్కం ఇక్కడ అప్రస్తుతం. కొండమీది వాతావరణం నెలపేరు చూసి నడుచుకోదన్నది గ్రహిస్తే చాలు. అందుకే చెమటను వెలుపలికి పంపే పలుచని లోపలి పొర, వెచ్చదనాన్ని నిలిపే ఉన్ని పొర, గాలినీ వాననూ ఆపే పై పొర - ఈ మూడూ విధిగా ఉండాలి. రాత్రి తొడుగుకొనే ఒక జత ప్లాస్టిక్ సంచిలో పొడిగా ఉండాలి. దానిని పగలు ఎట్టి పరిస్థితిలోనూ ముట్టరాదు.

పడకలో సంచిపడక గురించి అందరూ ఆలోచిస్తారు, కింద పరిచే చాపను మరుస్తారు. ఒంటి బరువుకు సంచిపడక అడుగుభాగం నలిగి పలుచనైపోతుంది. నేల వేడిని లాగేసుకుంటుంది. చాప లేని పడక సగం పడకే. గుడారం, సంచిపడక అద్దెకు దొరుకుతాయి. మొదటి రెండు యాత్రలకు ఆ మార్గమే ఉత్తమం.

అమెరికాలోని సియాటిల్ నగరంలో 1906లో ఏర్పడిన ‘మౌంటెనీర్స్’ అనే పర్వతారోహకుల సంఘం, కొండకు పోయేవారి వద్ద తప్పక ఉండవలసిన పదింటి జాబితాను ప్రచారం చేసింది. పటం, దిక్సూచి, దీపం, మందులు, అదనపు ఆహారం, అదనపు దుస్తులు, కత్తి, నిప్పు వంటివి అందులో ఉన్నాయి. సెల్‌ఫోన్ ఉండగా పటమెందుకని నేటివారు నవ్వవచ్చు. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుందని కొండమీద తెలుస్తుంది. తలకు కట్టుకొనే దీపం చేతులను ఖాళీగా ఉంచుతుంది. ఒక ఈల కూడా ఉండాలి: వరుసగా మూడుసార్లు ఊదితే ఆపదలో ఉన్నామని అర్థం.

ఖరీదైన సామగ్రి లేనిదే నడక సాగదనుకోవటం పొరపాటు. 1955లో 67 ఏళ్ల ఎమ్మా గేట్‌వుడ్, మూడువేల కిలోమీటర్లకు పైబడిన అపలాచియన్ మార్గాన్ని ఒంటరిగా నడిచింది. ఆమె కాళ్లకు సాధారణమైన క్యాన్వాసు బూట్లు. భుజాన స్వయంగా కుట్టుకొన్న సంచి. వాన నుంచి రక్షణకు ప్లాస్టిక్ తెర. అయితే పదకొండుమంది బిడ్డలను పెంచి, పొలంపని చేసి గట్టిపడిన దేహం ఆమెది. కొత్తవారికి ఆ దార్ఢ్యం సాధనవల్ల రావాలి. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి శిక్షణ పొందింది భువనగిరి కొండమీదనే. యాత్రకు ముందు దగ్గరలోని కొండను నిండు సంచితో రెండుమూడుసార్లు ఎక్కి దిగితే ఏ పట్టీ ఒరుసుకొంటున్నదో, ఏ వస్తువు వృథాబరువో అక్కడే తేలిపోతుంది.

తిరిగివచ్చిన రోజున సంచిని నేలమీద బోర్లించి సామానును మూడు కుప్పలు చేయాలి: రోజూ వాడినవి, ఒకసారి వాడినవి, అసలు ముట్టనివి. మూడో కుప్పలోవి మరుసటి యాత్రకు రానక్కరలేదు. మందులపెట్టె, వానకోటు, ఈల మాత్రం ఆ కుప్పలోనే ఉన్నా తిరిగి సంచిలోకి చేరవలసిందే.