కడుపులో క్రిమికీ ఇంటిపేరు ఉంటుంది

హాస్టల్లో చదివిన వాళ్లెవరికైనా ఒక రాత్రి గుర్తుండే ఉంటుంది. ఒకడు కడుపు పట్టుకుని లేస్తాడు, వాడి వెనుక ఇంకొకడు, తెల్లారేసరికి బాత్రూముల ముందు పెద్ద వరుస. మాకు తెలిసిన ఒక హాస్టల్లో ఇలాగే చాలామంది పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. "రాత్రి సాంబారే కారణం, వంటమనిషి చేతులు కడుక్కోడు" అన్నారు అందరూ. మిగిలిన సాంబారు పారబోశారు, గిన్నెలు తోమేశారు, ట్యాంకులో బ్లీచింగ్ పొడి కలిపారు. పిల్లలు కోలుకున్నారు. వంటమనిషికి మాత్రం పని పోయింది. తప్పు సాంబారుదా, ట్యాంకుదా, బయట తిన్న చిరుతిండిదా? ఈనాటికీ ఎవరికీ తెలియదు. తెలుసుకునే దారి ఒకటి ఉందని అప్పుడు మాకూ తెలియదు. ఆ దారి గురించే ఈ వ్యాసం.

పేరు ఒకటే, మనుషులు వేరు

మన హాజరు పట్టీలో ముగ్గురు శ్రీనులు ఉంటే సారు ఏం చేస్తారు? ఇంటిపేరు కలిపి పిలుస్తారు. బాక్టీరియాతోనూ అంతే. ఉదాహరణకు ఇ.కోలై అనే బాక్టీరియా మనందరి పేగుల్లో ఉంటుంది. అందులో ఎక్కువ రకాలు మనకు ఏ హానీ చేయవు. కొన్ని రకాలు మాత్రం ప్రాణం మీదికి తెస్తాయి. మైక్రోస్కోపులో చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి "ఇ.కోలై దొరికింది" అంటే సరిపోదు, "ఏ ఇ.కోలై" అని అడగాలి.

ఆ జవాబు డీఎన్‌ఏలో ఉంటుంది. డీఎన్‌ఏ నాలుగు అక్షరాలతో రాసిన పుస్తకం లాంటిది. ఇ.కోలై పుస్తకంలో సుమారు 50 లక్షల అక్షరాలుంటాయి. బాక్టీరియా బతకడానికి తప్పనిసరైన ఏడు జన్యువులను ఎంచుకుని, వాటిలోని అక్షరాలను పోల్చి చూడటం ఒక పద్ధతి. మొత్తం పుస్తకాన్నే చదివేయడం కొత్త పద్ధతి. తేడాలు తక్కువైతే దగ్గరి చుట్టరికం, ఎక్కువైతే దూరపు చుట్టరికం. దీన్నే జన్యు టైపింగ్ అంటారు.

మన హైదరాబాదులో

ఈ పని మన హైదరాబాదులోనూ జరిగింది. జీర్ణాశయంలో పుండ్లు కలిగించే హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా మీద సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరిశోధన కేంద్రంలో డాక్టర్ నియాజ్ అహ్మద్ బృందం పరిశోధించింది. భారతీయ రోగుల నుంచి తీసిన బాక్టీరియాలో ఏడు జన్యువులను చదివి ఇతర దేశాల వాటితో పోల్చారు. మన దేశపు రకాలకు యూరప్ రకాలతో దగ్గరి చుట్టరికం ఉందని 2007లో ప్రకటించారు. వేల ఏళ్ల క్రితం వలస వచ్చిన మనుషుల కడుపుల్లోనే ఈ బాక్టీరియా కూడా ప్రయాణం చేసిందని వారి అభిప్రాయం. వేల ఏళ్ల నాటి దారినే చూపగలిగిన పద్ధతికి, నిన్న రాత్రి హాస్టల్లోకి వచ్చిన క్రిమి దారిని పట్టుకోవడం అసాధ్యమేమీ కాదు.

నింద పడిన దోసకాయ

2011 మే నెలలో జర్మనీలో ఒక భయంకరమైన విరేచనాల వ్యాధి వ్యాపించింది. సుమారు 3,800 మంది జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. హాంబర్గ్ అధికారులు స్పెయిన్ దోసకాయలే కారణమన్నారు. దోసకాయల మీద ఇ.కోలై దొరికిన మాట నిజమే. కానీ టైపింగ్ చేస్తే అది వేరే రకమని తేలింది. రోగుల్లో ఉన్నది ఓ104:హెచ్4 అనే రకం. ఈలోగా స్పెయిన్ రైతుల పంట కొనే దిక్కు లేక పాడైపోయింది. తరువాత ఎవరెవరు ఏమి తిన్నారో ఓపికగా అడుగుతూ పోతే, కారణం మొలకెత్తిన గింజలని తెలిసింది. అదే నెలల్లో ఫ్రాన్స్‌లో మొలకలు తిని జబ్బుపడిన వారిలోనూ అదే రకం దొరికింది. రెండుచోట్లా ఉమ్మడిగా కనిపించినవి ఈజిప్టు నుంచి వచ్చిన మెంతులు.

ఆ దోసకాయ కథ చదివినప్పుడు మాకు ఆ వంటమనిషే గుర్తుకొచ్చాడు. దోసకాయకు సాక్ష్యం దొరికింది. అతనికి దొరకలేదు. సాక్ష్యాన్ని మనమే కడిగి పారబోశాం.

మనం చేయగలిగింది

మన మేళ్లచెరువులో శివరాత్రి జాతరకు వేలాది జనం వస్తారు. హాస్టల్లోనూ రోజూ అందరం ఒకే వంట తిని, ఒకే ట్యాంకు నీళ్లు తాగుతాం. కాబట్టి ఈ నాలుగు మాటలు గుర్తుంచుకుందాం.

1. విరేచనాలు మొదలైన వెంటనే ఓఆర్ఎస్ ద్రావణం తాగించాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కబురు పంపాలి.

2. మల నమూనాను వీలైతే యాంటీబయాటిక్ మందు వేయకముందే ఇవ్వాలి. మందు పడ్డాక క్రిమి ల్యాబులో పెరగకపోవచ్చు. అది పెరిగితేనే టైపింగ్ సులువు.

3. బ్లీచింగ్ కలపకముందే శుభ్రమైన సీసాలో ట్యాంకు నీళ్లు పట్టి ఉంచాలి. మిగిలిన కూరను కొంచెం మూతపెట్టి చల్లగా దాచాలి.

4. ఎవరు ఏమి తిన్నారో, ఎప్పుడు జబ్బుపడ్డారో నోటుబుక్కులో రాయాలి. దీనికి ల్యాబు అక్కర్లేదు, పదో తరగతి విద్యార్థి చాలు.

తమ్ముళ్లూ! మనలో కొందరైనా రేపు డాక్టర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు, పరిశోధకులు కావాలి. అంతవరకూ నమూనా దాచకుండా, రుజువు చూడకుండా ఎవరి మీదా నింద వేయవద్దని, ఈ వార్షికోత్సవ వేళ మీకు మా మనవి.